లైబ్రరీ సర్వర్ మార్చేటప్పుడు: కోహాను డేటాతో, సెట్టింగ్‌లతో సహా కొత్త కంప్యూటర్‌కి తెచ్చుకునే పద్ధతి

మన నల్లగొండ, పాలమూరు వైపు డిగ్రీ కాలేజీ లైబ్రరీల్లో కోహా (పుస్తకాల జాబితా, ఇష్యూ, రిటర్న్ చూసుకునే ఉచిత లైబ్రరీ సాఫ్ట్‌వేర్) నడుస్తోందంటే, సర్వర్ పేరుతో ఉండేది సాధారణంగా ఇష్యూ కౌంటర్ కింద పెట్టిన మామూలు డెస్క్‌టాపే. అందులో ఉబుంటు 18.04 ఉంటుంది, దానికి మామూలు సపోర్ట్ 2023లోనే అయిపోయింది. హార్డ్‌డిస్క్ ఎన్ని ఎండాకాలాలు, ఎన్ని కరెంటు కోతలు చూసిందో ఎవరికీ గుర్తుండదు. ఎట్టకేలకు కొత్త కంప్యూటర్ శాంక్షన్ అవుతుంది, బయటి నుంచి వచ్చిన టెక్నీషియన్ డేటాబేస్ బ్యాకప్ ఒక్కటి పెన్‌డ్రైవ్‌లో వేసుకుని కొత్తదాంట్లో ఎక్కించి, "అయిపోయింది సార్" అని వెళ్లిపోతాడు. మర్నాడు చూస్తే పుస్తకాలన్నీ ఉంటాయి గానీ "పాలమూరు" అని వెతికితే ఒక్కటీ రాదు, పక్క కంప్యూటర్ నుంచి స్టాఫ్ పేజీ తెరుచుకోదు, కాలేజీ లోగో ఉండాల్సిన చోట ఖాళీ డబ్బా కనిపిస్తుంది. డేటా ఎక్కడికీ పోలేదు. డేటాబేస్ బయట ఉన్న సెట్టింగ్‌లు వెంట రాలేదు, అంతే. డేటా తేవడం రెండు కమాండ్‌ల పని కాబట్టి ఇక్కడ ఎక్కువగా ఆ సెట్టింగ్‌ల గురించే రాస్తున్నాను.

కమాండ్‌లు, ఫోల్డర్ల పేర్లు ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాశాను. టెర్మినల్‌లో మాత్రం ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో, మధ్యలో డాష్‌తో కొట్టాలి, ముందు సుడో పెట్టాలి. మీ ఇన్‌స్టన్స్ (సర్వర్‌లో మీ లైబ్రరీ కోసం పెట్టుకున్న కోహా) పేరు "లైబ్రరీ" అనుకుని రాస్తున్నాను, మన దగ్గర ఎక్కువమంది పెట్టుకునే పేరు అదే. మీది వేరే అయితే కోహా-లిస్ట్ అని కొడితే తెలుస్తుంది.

ఏది ఎక్కడ ఉంటుంది

కోహా సమాచారం మూడు చోట్ల ఉంటుంది, ఇది బుర్రకెక్కితే మిగతాదంతా తేలిక.

మొదటిది డేటాబేస్, మామూలుగా దాని పేరు కోహా_లైబ్రరీ. పుస్తకాల రికార్డులు, బార్‌కోడ్‌లు, విద్యార్థుల వివరాలు, ఎవరి దగ్గర ఏ పుస్తకం ఉంది, ఫైన్‌లు, సర్క్యులేషన్ రూల్స్, సిస్టమ్ ప్రిఫరెన్సెస్, మీరు సేవ్ చేసుకున్న రిపోర్ట్‌లు అన్నీ ఇందులోనే. విద్యార్థుల ఫోటోలు, కోహాలోకి ఎక్కించిన పుస్తకాల కవర్ బొమ్మలు కూడా ఇందులోనే ఉంటాయి. అందుకే కొన్ని లైబ్రరీల్లో పుస్తకాలు తక్కువే అయినా బ్యాకప్ ఫైల్ భారీగా ఉంటుంది.

రెండోది మీ ఇన్‌స్టన్స్‌కి చెందిన ఫైల్స్. ఈటీసీ ఫోల్డర్‌లో కోహా, అందులో సైట్స్, అందులో లైబ్రరీ అనే ఫోల్డర్ ఉంటుంది, కోహా-కాన్ఫ్ ఫైల్ దాంట్లోనే ఉంటుంది. డేటాబేస్ పాస్‌వర్డ్, కొత్త వెర్షన్లలో అయితే ఎన్‌క్రిప్షన్ కీ ఆ ఫైల్‌లోనే రాసి ఉంటాయి. టూ-ఫ్యాక్టర్ లాగిన్ రహస్యాలు ఆ కీతోనే భద్రపరుస్తారు కాబట్టి, డేటాబేస్ తెచ్చి కీ వదిలేస్తే ఆ లాగిన్‌లు మళ్లీ తెరుచుకోవు. ప్లగిన్‌లు, అప్‌లోడ్ చేసిన ఫైల్స్ వార్ ఫోల్డర్‌లో లిబ్, అందులో కోహా కింద ఉంటాయి.

మూడోది అందరూ మర్చిపోయేది, ఒక్క ఇన్‌స్టన్స్‌కి కాకుండా మెషీన్ మొత్తానికి వర్తించే సెట్టింగ్‌లు. అపాచీ (కోహా పేజీలను చూపించే వెబ్ సర్వర్) పోర్ట్స్ ఫైల్‌లో 8080 కోసం ఎప్పుడో ఎవరో చేర్చిన ఒక లైను, కోహా-సైట్స్ ఫైల్, జీబ్రా (కోహాలో వెతుకులాట నడిపే ప్రోగ్రామ్) ఇండెక్సింగ్ ఫైల్స్‌లో చేసిన మార్పులు, మీరు సొంతంగా పెట్టుకున్న క్రాన్ పనులు (పెట్టిన వేళకు తమంతట తామే నడిచేవి), ఫైర్‌వాల్ రూల్స్, మెషీన్ ఐపీ అడ్రస్, యూఎస్ఆర్ ఫోల్డర్ లోపల చేత్తో పెట్టిన కాలేజీ లోగో బొమ్మ. కోహా సొంత బ్యాకప్ మొదటి రెండింటినీ పట్టుకుంటుంది, మీ ఇన్‌స్టన్స్ అపాచీ ఫైల్‌ని కూడా వేసుకుంటుంది, మూడో దాంట్లో మిగిలినవాటిని అసలు ముట్టుకోదు.

పాత మెషీన్ దగ్గర ముందు చేయాల్సినవి

స్టాఫ్ పేజీలో అబౌట్ కోహా తెరిచి వెర్షన్ నంబర్ రాసుకోండి. కొత్త మెషీన్‌లో అదే వెర్షన్ గానీ, దానికంటే కొత్తది గానీ ఉండాలి. కోహా పాత డేటాబేస్‌ని ముందుకు మార్చగలదు, వెనక్కి తీసుకురాలేదు.

అదే పేజీలో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ ట్యాబ్ ఉంటుంది, అది తప్పకుండా చదవండి. కొన్ని ఇష్యూ నంబర్లు ప్రస్తుత ఇష్యూల టేబుల్‌లోనూ, పాత ఇష్యూల టేబుల్‌లోనూ రెండు చోట్లా ఉన్నాయని హెచ్చరిక కనిపిస్తే దాన్ని ఇక్కడే సరిచేయించుకోవాలి. ఇది ఎందుకు వస్తుందంటే, కోహా వాడే డేటాబేస్ సాఫ్ట్‌వేర్లలో మైఎస్‌క్యూఎల్ 8.0కి ముందు వెర్షన్లు, మరియాడీబీ 10.2.4కి ముందు వెర్షన్లు తర్వాత ఇవ్వాల్సిన నంబర్‌ని మెమరీలోనే ఉంచుకునేవి. మెషీన్ ఆఫ్ చేసి ఆన్ చేస్తే టేబుల్‌లో మిగిలిన పెద్ద నంబర్ చూసి దాని తర్వాతది ఇచ్చేవి, ఈలోగా చివరి పుస్తకాలు వాపసు వచ్చి పాత టేబుల్‌లోకి వెళ్లిపోయి ఉంటే అవే నంబర్లు మళ్లీ బయటికొచ్చేవి. రోజుకి నాలుగుసార్లు కరెంటు పోయే చోట ఈ సమస్య ఉండే అవకాశం ఎక్కువ. దీన్ని అలాగే మోసుకెళ్తే కొత్త మెషీన్‌లో కొన్ని పుస్తకాలు రిటర్న్ తీసుకోబోతే ఎర్రర్ వస్తుంది, అప్పుడు అందరూ కొత్త కంప్యూటర్‌నే తిడతారు.

తర్వాత లెక్కలు. రిపోర్ట్స్‌లో ఒక ఎస్‌క్యూఎల్ రిపోర్ట్ తయారుచేసుకుని బిబ్లియో, ఐటమ్స్, బారోవర్స్, ఇష్యూస్, ఓల్డ్_ఇష్యూస్, రిజర్వ్స్, అకౌంట్‌లైన్స్ టేబుళ్లలో ఎన్నెన్ని వరుసలు ఉన్నాయో లెక్క వచ్చేలా రాసి, సేవ్ చేసి, ఫలితం ప్రింట్ తీసి పెట్టుకోండి. సేవ్ చేయమనడానికి కారణం ఉంది: రిపోర్ట్ డేటాబేస్‌లోనే ఉంటుంది కాబట్టి అది కూడా కొత్త మెషీన్‌కి వచ్చేస్తుంది, అక్కడ అదే రిపోర్ట్ నడిపితే కాగితంతో అంకె అంకె పోల్చుకోవచ్చు.

మూడో రకం సెట్టింగ్‌ల కోసం ఈటీసీ ఫోల్డర్ మొత్తాన్ని ఒక టార్ ఫైల్‌గా కట్టి పక్కన పెట్టండి. దాన్ని కొత్త మెషీన్ మీద కుమ్మరించడానికి కాదు, ఆ పని చేస్తే కొత్త సిస్టమే లేవకపోవచ్చు. పాతదాంట్లో ఏముందో తెరిచి చూసుకోవడానికి ఒక కాపీ. క్రాన్‌ట్యాబ్ డాష్ ఎల్ ఇచ్చే జాబితాని, ఐపీ అడ్రస్‌ని, కౌంటర్‌లోని మిగతా కంప్యూటర్లు సర్వర్‌ని ఏ అడ్రస్‌తో తెరుస్తున్నాయో కూడా రాసుకోండి. లోగో ఫైల్ ఎక్కడుందో తెలియకపోతే ఓపాక్ పేజీలో (విద్యార్థులు పుస్తకాలు వెతుక్కునే పేజీ) లోగో మీద రైట్ క్లిక్ చేసి బొమ్మ అడ్రస్ చూస్తే తెలుస్తుంది.

బ్యాకప్ తీయడం

కోహా-డంప్ లైబ్రరీ అని కొట్టండి. వార్, స్పూల్, కోహా, లైబ్రరీ ఫోల్డర్‌లో ఆ రోజు తేదీతో రెండు ఫైళ్లు పడతాయి, ఒకటి ఎస్‌క్యూఎల్ జీజెడ్, రెండోది టార్ జీజెడ్. రెండూ కావాలి. టెక్నీషియన్లు మొదటిది మాత్రమే తీసుకెళ్తారు, గొడవంతా అక్కడే మొదలవుతుంది.

జీజిప్ డాష్ టీ తో ఫైళ్లు చెడిపోలేదని చూసుకోండి, షా256సమ్ తో రెండింటి సంఖ్యలూ తీసి పెట్టుకోండి, కాపీ అయ్యాక అటువైపు అవే సంఖ్యలు రావాలి. పెన్‌డ్రైవ్ ఎఫ్ఏటీ32 ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన ఫైల్ దాంట్లో పట్టదు, కవర్ బొమ్మలు ఎక్కువున్న లైబ్రరీలకు ఇది నిజంగా ఎదురవుతుంది. ఎక్స్‌ఫ్యాట్‌కి మార్చుకోండి, లేదా రెండు మెషీన్లనూ ఒకే స్విచ్‌కి కలిపి నెట్‌వర్క్ మీదుగా ఎస్‌సీపీ కమాండ్‌తో పంపించండి. మధ్యలో ఎస్‌క్యూఎల్ ఫైల్‌ని విండోస్ నోట్‌ప్యాడ్‌లో తెరిచి సేవ్ చేయడం లాంటివి మాత్రం ఎవ్వరినీ చేయనివ్వకండి.

కొత్త మెషీన్

డెబియన్ 12 గానీ ఉబుంటు 22.04 గానీ వేయండి. టైమ్‌జోన్ ఆసియా/కోల్‌కతా అని పెట్టి గడియారం సరిగ్గా ఉందో చూడండి, డ్యూ డేట్లు, ఫైన్‌లు దీనిమీదే ఆధారపడతాయి. మరియాడీబీ సర్వర్, తర్వాత కోహా కమ్యూనిటీ డెబియన్ రిపాజిటరీ నుంచి కోహా-కామన్ ప్యాకేజీ వేసుకోండి. అపాచీలో రీరైట్, సీజీఐ, హెడర్స్, ప్రాక్సీ_హెచ్‌టీటీపీ మాడ్యూళ్లు ఆన్ చేయండి. పాత పోర్ట్స్ ఫైల్ చూసి 8080 లిజన్ లైను చేర్చండి, కోహా-సైట్స్ ఫైల్‌లో ఇంట్రాపోర్ట్ విలువ పాతదానితో సరిపోల్చండి.

ఇక్కడ కోహా-క్రియేట్ కొట్టకండి. కోహా-రిస్టోర్ తనే డేటాబేస్‌ని, యూజర్‌ని సృష్టించుకుంటుంది, అదే పేరుతో ముందే ఒకటి ఉంటే ఆగిపోతుంది.

ఎక్కించే ముందు ఒక ముఖ్యమైన పని

లాన్ వైర్ తీసేయండి. రిస్టోర్ చేయగానే పాత మెషీన్‌లో ఈమెయిల్ ఆన్ అయి ఉన్న సంగతి కూడా కొత్తదానికి వచ్చేస్తుంది, క్రాన్ పనులు తమంతట తామే మొదలవుతాయి, మీరింకా టెస్టింగ్‌లో ఉండగానే విద్యార్థులకు "పుస్తకం గడువు దాటింది" అని రెండోసారి మెయిల్స్ వెళ్లిపోతాయి. అప్పటికే పుస్తకం వాపసు ఇచ్చిన పిల్లలకు అలాంటి మెయిల్ వెళ్తే వాళ్లు కౌంటర్ దగ్గరికొచ్చి గొడవపడటంలో తప్పులేదు. వైర్ తీసి ఉండగానే రిస్టోర్ చేసి, వెంటనే కోహా-ఈమెయిల్-డిజేబుల్ లైబ్రరీ అని కొట్టి, ఎస్ఎంఎస్ డ్రైవర్ ప్రిఫరెన్స్ ఖాళీ చేసి, అప్పుడు వైర్ పెట్టండి.

కోహా-రిస్టోర్ అని కొట్టి, ముందు ఎస్‌క్యూఎల్ ఫైల్ పేరు, తర్వాత టార్ ఫైల్ పేరు ఇవ్వండి. అది అయ్యాక కోహా-అప్‌గ్రేడ్-స్కీమా లైబ్రరీ. ఇది పాత డేటాబేస్‌ని కొత్త వెర్షన్‌కి మారుస్తుంది, వెర్షన్ల మధ్య దూరం ఎక్కువుంటే చాలాసేపు పడుతుంది, ఒక్కో వెర్షన్ నంబర్ వేస్తూ వరుసగా లైన్లు దిగుతుంటాయి. ఆ లైన్లను ఒక ఫైల్‌లోకి పంపుకోండి, తర్వాత అందులో ఎర్రర్ అనే మాట కోసం వెతకండి. పాత సాఫ్ట్‌వేర్ నుంచి ఎక్సెల్ ద్వారా తెచ్చిన రికార్డుల్లో తేదీ మొత్తం సున్నాలుగా ఉండటం, లేని డిపార్ట్‌మెంట్ కోడ్‌కి ముడిపడి ఉండటం లాంటివి ఇక్కడే బయటపడతాయి. అలాంటిది కనిపిస్తే కొత్తదాంట్లో అతుకులు వేయకుండా, పాత మెషీన్‌లో ఆ రికార్డులు సరిచేసి మళ్లీ డంప్ తీసి మొదటినుంచి చేయండి, సమయం ఎక్కువ పట్టినా అదే మంచిది.

స్కీమా మార్చకుండా స్టాఫ్ పేజీ తెరిస్తే వెబ్ ఇన్‌స్టాలర్ పేజీ వస్తుంది. డేటా పోయిందేమో అని టెన్షన్ పడొద్దు, డేటాబేస్ ఇంకా పాత వెర్షన్‌లో ఉందని దాని అర్థం.

ఎస్‌క్యూఎల్ ఫైల్ ఒక్కటే ఉంటే

పాత మెషీన్ చచ్చిపోయి, ఎప్పటిదో ఎస్‌క్యూఎల్ ఫైల్ ఒక్కటే మిగిలితే దారి వేరు. అప్పుడు కోహా-క్రియేట్‌ని క్రియేట్-డీబీ ఆప్షన్‌తో నడిపి ఖాళీ ఇన్‌స్టన్స్ పెట్టుకోవాలి. మరియాడీబీలోకి వెళ్లి కోహా_లైబ్రరీ డేటాబేస్‌ని తీసేసి, అదే పేరుతో యూటీఎఫ్8ఎంబీ4 క్యారెక్టర్ సెట్‌తో ఖాళీగా మళ్లీ సృష్టించి, ఫైల్‌ని దాంట్లోకి ఎక్కించి, తర్వాత కోహా-అప్‌గ్రేడ్-స్కీమా నడపాలి. లాగిన్ కోసం మీ పాత స్టాఫ్ యూజర్ పనిచేస్తుంది, కోహా-పాస్‌డబ్ల్యూడీ లైబ్రరీ అనే కమాండ్ డేటాబేస్ యూజర్ పాస్‌వర్డ్ ఇస్తుంది గానీ, కొత్త వెర్షన్లలో అది వెబ్ ఇన్‌స్టాలర్ పేజీకే పనికొస్తుంది, దాంతో స్టాఫ్ పేజీలోకి వెళ్లలేరు.

ఎక్కించేటప్పుడు మొదటి లైనులోనే తెలియని కమాండ్ అని ఎర్రర్ వస్తే, ఆ ఫైల్ 2024 మే నుంచి వచ్చిన మరియాడీబీలో తీసింది అయి ఉండొచ్చు. దాని మొదటి లైనులో శాండ్‌బాక్స్ మోడ్ అని ఒక కామెంట్ ఉంటుంది, పాత సాఫ్ట్‌వేర్‌కి అది అర్థం కాదు. ఆ ఒక్క లైను తీసేస్తే సరిపోతుంది, లినక్స్‌లోనే టెయిల్ కమాండ్‌తో రెండో లైను నుంచి పంపండి.

తెలుగు అక్షరాలు, తెలుగులో వెతకడం

ఈ రెండూ వేర్వేరు సమస్యలు, కలిపేసుకోవద్దు.

తెలుగు శీర్షికల స్థానంలో వింత ఇంగ్లిష్ అక్షరాలు, మీద చుక్కలు గీతలు ఉన్నవి కనిపిస్తే, డంప్ తీసేటప్పుడో ఎక్కించేటప్పుడో క్యారెక్టర్ సెట్ తప్పింది. అసలు బైట్లు ఇంకా ఉన్నాయి, సరైన క్యారెక్టర్ సెట్‌తో మళ్లీ తీసి ఎక్కిస్తే బాగవుతుంది. కానీ అక్షరాల స్థానంలో ప్రశ్న గుర్తులు మాత్రమే ఉంటే ఆ ఫైల్‌లో తెలుగు ఇక లేదు, దాన్ని బాగుచేయడానికి గంటలు తగలేయకుండా పాత మెషీన్ దగ్గరికే వెళ్లి కొత్త డంప్ తీయాలి. పాత హార్డ్‌డిస్క్‌ని ఫార్మాట్ చేయొద్దని అందరికీ చెప్పేది ఇందుకే.

రెండో సమస్య: తెలుగు చక్కగా కనిపిస్తుంది గానీ వెతికితే దొరకదు. జీబ్రాతో సాధారణంగా వచ్చే సీహెచ్ఆర్ పద్ధతి లాటిన్ అక్షరాల భాషల కోసం ఉన్నది, గుణింతాలతో దానికి సరిగ్గా కుదరదు. అన్ని లిపులనూ అర్థం చేసుకునే ఐసీయూ పద్ధతికి మార్చాలి. పాలమూరు వైపు చాలా లైబ్రరీల్లో తెలుగు, ఇంగ్లిష్‌తో పాటు ఉర్దూ పుస్తకాలూ ఉంటాయి, గద్వాల వైపు కన్నడ కూడా కనిపిస్తుంది, వాటన్నిటికీ ఇదే మందు. ఈటీసీ, కోహా, జీబ్రాడీబీ, ఈటీసీ ఫోల్డర్‌లో డిఫాల్ట్ ఐడీఎక్స్ అనే ఫైల్ ఉంటుంది. దాంట్లో డబ్ల్యూ, పీ ఇండెక్స్‌ల కింద క్యారెక్టర్‌మ్యాప్ లైను ఉన్నచోట ఐసీయూచెయిన్ లైను రావాలి, పదాలకు వర్డ్స్-ఐసీయూ, పదబంధాలకు ఫ్రేజెస్-ఐసీయూ ఫైల్ పేరు. మీ పాత మెషీన్‌లో ఎవరో ఇది చేసే ఉంటారు, ఇందాక కట్టి పెట్టుకున్న ఈటీసీ కాపీ తెరిచి ఆ ఫైల్‌తో పక్కపక్కన పెట్టి చూసుకోండి. సిస్టమ్ ప్రిఫరెన్సెస్‌లో ఐసీయూకి సంబంధించిన సెట్టింగ్ కూడా దీనికి తగ్గట్టు ఉండాలి, అది డేటాబేస్‌తో వచ్చే ఉంటుంది. ఇక ముందు ప్యాకేజీ అప్‌డేట్ చేసేటప్పుడు ఈ ఫైల్ గురించి స్క్రీన్ మీద ప్రశ్న వస్తే మీ ఫైల్‌నే ఉంచమని చెప్పండి.

మార్చాక జీబ్రా రీస్టార్ట్ చేసి, కోహా-రీబిల్డ్-జీబ్రా డాష్ వీ డాష్ ఎఫ్ లైబ్రరీ అని కొట్టి పూర్తి ఇండెక్స్ మళ్లీ కట్టించండి, చివర్లో మెమ్‌క్యాష్‌డీని (సెట్టింగ్‌లను మెమరీలో దాచుకునే ప్రోగ్రామ్) రీస్టార్ట్ చేయండి. లేకపోతే పాత సెట్టింగ్‌లే ఇంకా కనిపించి కంగారు పెడతాయి.

పరీక్షించడం

ముందు లెక్కల రిపోర్ట్ నడిపి కాగితంతో పోల్చండి. తర్వాత అలమరలోంచి చేతికొచ్చిన పుస్తకాలు తీయండి, అన్నీ ఒకే రాక్‌లోవి కాకుండా చూసుకోండి, బార్‌కోడ్ స్కాన్ చేసి అక్సెషన్ రిజిస్టర్‌తో సరిచూడండి. ఒక తెలుగు పుస్తకం శీర్షికలో మధ్య పదంతో వెతకండి, ఒత్తు అక్షరం ఉన్న పదం అయితే ఇంకా మంచిది. ఒక ఉర్దూ పుస్తకాన్నీ వెతకండి. స్టాఫ్ కార్డు మీద ఒక పుస్తకం ఇష్యూ చేసి, రిటర్న్ తీసుకుని, డ్యూ డేట్ ఫైనల్ ఇయర్ వాళ్లకి, స్టాఫ్‌కి మీ రూల్స్ ప్రకారమే వస్తోందా చూడండి.

రిపోర్ట్‌లన్నీ ఒకసారి నడపండి. నాక్ టీమ్ వచ్చే ముందు రోజు కాకుండా ఇప్పుడే. 2019, 2020 ప్రాంతంలో వచ్చిన వెర్షన్లలో ఫైన్‌ల టేబుల్ కాలమ్‌లు మారాయి కాబట్టి పాత ఫైన్ రిపోర్ట్‌లు ఎర్రర్ ఇవ్వవచ్చు, వాటిని తిరగరాయాలి. అబౌట్ కోహాలో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ మళ్లీ చదవండి.

అసలు మార్పు

ఇంతవరకు చేసింది రిహార్సల్. అసలు మార్పుకి దసరా సెలవులు, సంక్రాంతి సెలవులు మంచివి, నో డ్యూస్ ఇచ్చే రోజులు అస్సలు వద్దు. ఆ రోజు పాత మెషీన్‌లో అపాచీ ఆపేయండి, అప్పుడు ఎవరూ పొరపాటున కూడా ఇష్యూ చేయలేరు, కోహా-డంప్‌కి అపాచీతో పనిలేదు. లెక్కల కాగితం మాత్రం అపాచీ ఆపే ముందు, కౌంటర్ మూసేశాక, మళ్లీ కొత్తగా తీయండి. ఎవరైనా పుస్తకం తెస్తే కాగితం మీద కార్డు నంబర్, బార్‌కోడ్ రాసుకుంటే చాలు. కొత్త మెషీన్‌లో రిహార్సల్ ఇన్‌స్టన్స్‌ని కోహా-రిమూవ్‌తో తీసేసి తాజా ఫైళ్లతో అవే మెట్లు మళ్లీ ఎక్కండి. జీబ్రా ఫైల్, పోర్ట్స్ ఫైల్ మెషీన్‌వి కాబట్టి అలాగే ఉంటాయి.

ఐపీ అడ్రస్ విషయంలో నా మాట ఒక్కటే, పాత అడ్రస్‌నే కొత్త మెషీన్‌కి ఇవ్వండి, పాతదాన్ని ముందు నెట్‌వర్క్ నుంచి తీసేయండి. అలా చేస్తే కౌంటర్ కంప్యూటర్లలో బుక్‌మార్క్‌లు, విండోస్ హోస్ట్స్ ఫైల్స్, రీడింగ్ రూమ్‌లో ఓపాక్ కోసం పెట్టిన సిస్టమ్ ఏవీ ముట్టుకోనక్కర్లేదు. అడ్రస్ మార్చక తప్పదంటే ఓపాక్ బేస్ యూఆర్‌ఎల్, స్టాఫ్ క్లయింట్ బేస్ యూఆర్‌ఎల్ ప్రిఫరెన్స్‌లు రెండూ మార్చండి. లోగో ఫైల్ దాని చోట పెట్టండి, సొంత క్రాన్ పనులు ఒక్కొక్కటే చేర్చండి, చివరగా ఎస్ఎంఎస్ డ్రైవర్ పెట్టి కోహా-ఈమెయిల్-ఎనేబుల్.

మర్నాడు పొద్దున స్పూల్ ఫోల్డర్‌లో రాత్రి బ్యాకప్ పడిందో లేదో చూడండి. కోహా మామూలుగా రెండు రోజుల బ్యాకప్‌లే ఉంచుతుంది, అవీ అదే డిస్క్‌లో, కాబట్టి వాటిని రోజూ ఇంకో కంప్యూటర్‌కి పంపే ఏర్పాటు ఆ రోజే చేసేయండి. పాత మెషీన్‌కి లాన్ వైర్ లేకుండా, మీద తేదీ రాసిన స్టిక్కర్ వేసి ఒక సెమిస్టర్ అంతా పక్కన పెట్టండి, ఆ లోపల ఎవరైనా దాన్ని కంప్యూటర్ ల్యాబ్‌కి అడిగినా ఇవ్వకండి.